నీళ్ళ మీద మలుపులు

"ఒక్కరే వస్తే బోటు ఇవ్వం పెద్దమ్మగారూ, రూలు," అంది టికెట్ కిటికీలోంచి అమ్మాయి.

"ఒక్కదాన్నే ఎక్కడ? ఇతను రావట్లేదూ?" అని ఆవిడ, మెట్ల మీద తెడ్లు తుడుస్తున్న బోటతన్ని చూపించింది.

టికెట్ అమ్మాయికి నవ్వు ఆగలేదు. పనిరోజు మధ్యాహ్నం. రేవులో ఇంకెవరూ లేరు. "ఏం కెప్టెన్, తీసుకెళ్తావా?" అని కేకేసింది.

బోటతను తెడ్డు తుడవడం ఆపాడు. ఆ రూలు పుట్టింది అతని బోటులోనే. కిందటేడు ఒకాయన ఒంటరిగా వచ్చి, నీళ్ళ మధ్యకి చేరేదాకా కబుర్లు చెబుతూనే ఉన్నాడు. తాడు చిక్కుపడితే విప్పుదామని బోటతను ఒక్క క్షణం అటు తిరిగాడు. మళ్ళీ ఇటు తిరిగేసరికి సీటు మీద లైఫ్ జాకెట్టు, దాని పక్కన బూట్లు మాత్రం ఉన్నాయి. ఆ తర్వాత నాలుగు నెలలు అతను తెడ్డు ముట్టుకోలేదు.

ఆవిడకి అరవై దాటి ఉంటాయి. మడత నలగని నూలు చీర, చేతిలో చిన్న గుడ్డసంచి. రెండు బస్సులు మారి వచ్చానంది. కాదనలేకపోయాడు.

రేవు దాటగానే అలవాటు కొద్దీ పాఠం అందుకున్నాడు. "ఈ జలాశయం నలభై రెండేళ్ళ కిందట, సిటీకి తాగునీళ్ళ కోసం వాగుకి అడ్డంగా ఆనకట్ట వేసి కట్టిందండీ. ఆ కనబడేది పక్షుల దీవి. అటు పక్క ఫౌంటెన్..."

"దీవి వద్దులే బాబూ. ఆ రెండు గుట్టలూ ఒకదాని వెనక ఒకటి చేరేదాకా తిన్నగా పోనీ."

సన్నగా మబ్బు పట్టి, నీళ్ళెక్కడ ఆగాయో ఆకాశం ఎక్కడ మొదలైందో తెలియకుండా ఉంది. ఆనకట్ట అవతల నగరపు మేడలు సగానికి కరిగిపోయి, పైభాగాలు గాల్లో తేలుతున్నట్టున్నాయి. తెడ్డు పడ్డ చోటల్లా చిన్న సుడి లేచి, వెనక్కి జరిగి మాయమవుతోంది. ఆవిడ ఆ సుడుల్నే చూస్తూ కూర్చుంది.

గుట్టలు రెండూ ఒక్కటయ్యాయి.

"ఇప్పుడు ఎడమకి. మెల్లగా, ఇక్కడ మలుపు ఇరుకు."

"నీళ్ళలో ఇరుకేంటమ్మా?" నవ్వాడతను.

ఆవిడా నవ్వింది. ఇంకాస్త దూరం వెళ్ళాక, "ఒక్క నిమిషం ఆగు," అంది. ఆగాడు. ఆవిడ పెదాలు కదుపుతూ, ఎవరినో పలకరిస్తున్నట్టు తలూపింది. అటు చూస్తే నీళ్ళు తప్ప ఏమీ లేవు. "ఊఁ, పద," అంది.

అతని నవ్వు పోయింది. మాటల్లో పెట్టాలనుకున్నాడు.

"పిల్లలున్నారా అమ్మా?"

"ఒక్కతే కూతురు. ఇద్దరు మనవలు."

"ఇక్కడికి వస్తున్నట్టు చెప్పారా?"

"చెబితే రానిస్తుందా? చీటీ రాసి టీపొడి డబ్బా కింద పెట్టొచ్చాను. ఎన్నాళ్ళ నుంచో వెళ్ళాలనుకుంటున్న చోటికి వెళ్తున్నాను, నా కోసం వెతక్కండి అని."

అతను తెడ్లు ఆపేశాడు. "వెనక్కి వెళ్దామా అమ్మా? వాన వచ్చేలా ఉంది."

"వచ్చేశాం బాబూ. ఇంకో నాలుగు తెడ్లు వెయ్యి. కొంచెం కుడికి... ఆఁ, చాలు. ఆపు."

బోటు తనంతట తానే కాస్త జారి నిలబడింది. తెడ్ల కొసల నుంచి రాలే చుక్కల చప్పుడు కూడా వినబడుతోంది.

ఆవిడ లైఫ్ జాకెట్టు బకిల్ విప్పింది.

"అది తియ్యకూడదమ్మా!"

"వంగడానికి అడ్డొస్తోంది నాయనా."

తీసి సీటు మీద పెట్టింది. చెప్పులు విడిచి, రెండూ పక్కపక్కన సర్ది, బోటు అంచు వైపు జరిగింది.

అంతే. అతను తెడ్లు వదిలేసి ఒక్క ఊపున ముందుకొచ్చి ఆవిడ రెండు చేతులూ పట్టుకున్నాడు. బోటు విపరీతంగా ఊగింది.

"వద్దమ్మా! మీ కాళ్ళు పట్టుకుంటాను. ఏ కష్టమైనా సరే, ఒడ్డుకెళ్ళి మాట్లాడుకుందాం. మళ్ళీ నా బోటులో... వద్దు!"

ఆవిడ బిత్తరపోయింది. "ఏమైంది నాయనా?"

కిందటేటి సంగతి అతని నోట్లోంచి ముక్కలు ముక్కలుగా బయటికొచ్చింది. భార్యకి కూడా చెప్పని మాట ఒకటి అందులో ఉంది. నీకు ఈత వచ్చా అని ఆయన ముందే అడిగాడట. ఈ నీళ్ళన్నీ నావే సార్ అని తను గొప్పలు పోయాడట. దూకి ఎంతసేపు వెతికినా చేతికి నీళ్ళే తగిలాయట.

ఆవిడ చేతులు విడిపించుకోలేదు. అతని ఊపిరి కుదుటపడేదాకా అలాగే ఉంచింది.

"పిచ్చి నాయనా! ఇందాకటి నుంచి రెప్ప వెయ్యకుండా నన్నే చూస్తున్నది అందుకా? నేను ఆరింటి బస్సు అందుకోవాలి. రేపు చిన్నాడికి పరీక్ష, దగ్గర కూర్చోకపోతే పుస్తకం తియ్యడు."

అతనికి నవ్వూ ఏడుపూ ఒక్కసారే వచ్చాయి. చొక్కా భుజంతో ముఖం తుడుచుకున్నాడు. ఏడాదిగా లోపల బిగుసుకున్నదేదో కొంచెం వదులైనట్టనిపించింది.

"మరి చెప్పులెందుకు విడిచారమ్మా?"

"వేసుకుని లోపలికి ఎలా వెళ్తాం?"

"లోపలికా?"

ఆవిడ వంగి, నిద్రపోతున్న పాపని తాకినంత మెల్లగా నీళ్ళ మీద అరచెయ్యి ఆనించింది.

"ఇదే మా ఇంటి గుమ్మం."