గుంటలో సగం

రొయ్యల గుంటలోకి వల విసరబోతూ పెంచల్ అక్కమొగుడి వైపు తిరిగాడు. "సగం పట్టేస్తేనే బావా, మిగిలినవి బతికేది. లేకుంటే గాలి చాలక అన్నీ చస్తాయి."

"ఏవి పోవాల్నో ఎట్లా తేలుస్తారు?" అన్నాడు గిరిబాబు.

"వాటినే అడుగుతామా ఏంది!" పెంచల్ పగలబడి నవ్వాడు.

గిరిబాబుకి నవ్వు రాలేదు. చెన్నైలో అతనూ భార్య రేవతీ ఒకే కంపెనీలో మేనేజర్లు. పోయిన వారమే అతని ఉద్యోగం ఊడింది. గట్టు మీద కూర్చున్న భార్య పక్కన చతికిలబడ్డాడు.

"ఇద్దర్లో ఒకరినే ఉంచుతామన్నారు రేవతీ. ఎవర్ని తీసేయమంటావని ఆరోజు మధ్యాహ్నం నన్ను అడిగినారు. నీ పేరు చెప్పినా."

తిడుతుందనుకున్నాడు. రేవతి అతని చెయ్యి తీసుకుని నిమిరింది.

"పోనీలే బావా. నన్ను పొద్దున్నే అడిగినారు."