పాటకూ పాటకూ మధ్య

“ఖాళీలన్నీ తీసేసినానన్నా. పాటలు మాత్రమే కొత్తదాంట్లోకి ఎక్కించినా,” అంది కెజియా, ల్యాప్‌టాప్‌ను క్రీస్తురాజు వైపు తిప్పుతూ.

ఆమె కోసం తెచ్చిన టీ గ్లాసు ఆయన చేతిలోనే ఆగిపోయింది. “ఏ ఖాళీలమ్మా?”

“పాటకూ పాటకూ మధ్య ఉంటాయే, మాటలు, దగ్గులు. మీరు రికార్డింగు ఆపే అలవాటే లేదు గదా. సగానికి సగం అదే ఉంది.”

“పాటలు పోయినా ఫర్వాలేదు. నాకు ఆ మాటలే కావాల.”

అల్లూరు శివార్లలో, రొయ్యల గుంటలకు ఆనుకుని ఉన్న ఆ ఇంటి ముందుగదే స్టూడియో. కిటికీలకు అడ్డంగా పాత పరుపులు బిగించి ఉంటాయి. అయినా గుంటల్లో తిరిగే మోటార్ల రొద సన్నగా వస్తూనే ఉంటుంది. చుట్టుపక్కల చర్చిల్లో వినిపించే పాటలు చాలావరకు అక్కడ రికార్డయినవే. పాడింది క్రీస్తురాజు భార్య ఎలిశబెతు. మీట నొక్కింది ఆయన.

ఉప్పుగాలికి పాత విండోస్ కంప్యూటరు లోపల తుప్పు పట్టింది. స్టూడియోను మ్యాక్ ల్యాప్‌టాప్‌కు మార్చడానికి ఆయన నెల్లూరు నుంచి కెజియాను పిలిపించాడు. ఆమెకు ఇది అలవాటైన పనే గాని, ఇలాంటి కోరికలు ఎక్కడా వినలేదు. వంటింట్లోకి కూడా మోసుకుపోయేంత తేలికైనది కావాలన్నాడు. డ్రమ్ముల మోతంటే గిట్టని మనిషి, డ్రమ్ములు మోగించే ప్యాడ్ ఒకటి తెప్పించాడు. పలకంత పెట్టె, దాని మీద వరసగా రబ్బరు గడులు. ఒక్కో గడికి ఒక్కో శబ్దం తగిలిస్తే, నొక్కినప్పుడల్లా అది మోగుతుంది. ఆ ప్యాడ్ మ్యాక్‌తో మాత్రమే పనిచేస్తుందట. పైగా పని సాయంత్రానికల్లా అయిపోవాలన్నాడు. చుట్టాలు వస్తున్నారట.

“అక్కకు ఏమైందన్నా?” అని కెజియా మెల్లగా అడిగింది.

“గొంతులో గడ్డ. వేలూరు ఆసుపత్రికి తీసుకుపోయేసరికే ఆలస్యమైపోయిందమ్మా.”

ఆయన గుమ్మం దగ్గరకు వెళ్ళి రోడ్డు వైపు చూస్తూ నిలబడ్డాడు. సాయంత్రం ఆదరణ కూడిక, పోయినవాళ్ళను తలుచుకుని చేసే ప్రార్థన, ఉంది కాబోలు అనుకుంది కెజియా.

ఈసారి దేన్నీ తెంచకుండా మొత్తం దించుకుందామని పాత కంప్యూటరు మళ్ళీ వేసింది. తెర వెలిగి, ఆరిపోయింది. ఇంకోసారి వేసింది. ఈసారి వెలగనే లేదు.

క్రీస్తురాజు వచ్చి పక్కన నేలమీద కూర్చున్నాడు. “ఇది లేవకపోతే ఆమె మాట ఇంకెక్కడా లేదమ్మా,” అన్నాడు.

ఇంట్లో పెన్సిలు రబ్బరు ఉందా అని కెజియా అడిగింది. ఎలిశబెతు పాటలకు గుర్తులు పెట్టుకునే పెన్సిళ్ళ డబ్బాలో ఓ ముక్క దొరికింది. కంప్యూటరు పెట్టె విప్పి, మెమరీ కార్డు ఊడదీసి, పచ్చబడిన అంచుల్ని ఆ రబ్బరుతో రుద్ది మళ్ళీ బిగించింది. తెర వెలిగింది. ఈసారి ఆరిపోలేదు. “స్తోత్రం ప్రభువా,” అన్నాడాయన, పక్కవాళ్ళకు వినపడీ వినపడనట్టు.

కాపీ అవుతుంటే కెజియా హెడ్‌ఫోన్లు పెట్టుకుని వింది. “ఫ్యాను ఆపండి, గాలి పాటలో పడతా ఉంది.” “ఉండండి, గుక్క తిప్పుకోనీండి.” “నవ్వించబాకండి, చరణం మర్చిపోతా.” ప్రతి రికార్డింగు చివరా వాద్యాలు సర్దుకునే చప్పుడు, వెంటనే అదే మాట: “అప్పుడే పోతారా? టీ తాగి పోండి.” ఉదయం ఖాళీ అని తీసేసింది వీటినే.

ఏ గడికి ఏ మాట పెట్టాలో క్రీస్తురాజు పక్కన కూర్చుని చెప్పాడు. ప్రేమగా మాట్లాడిన ముక్కలు ఏరుకుంటాడని కెజియా అనుకుంది. ఆయన “ఊఁ” కావాలన్నాడు. “ఎవరది?” కావాలన్నాడు. భోజనాల వేళ రికార్డయిన “ఉప్పు చాలా?” కూడా. తర్వాత “వద్దు”.

“వద్దు ఎందుకన్నా?”

“రోజుకు ఎన్నిసార్లు కావాల్సొస్తుందో పెళ్ళయినోళ్ళను అడుగమ్మా.”

కెజియాకు నవ్వొచ్చింది. వెంటనే తెర వైపు తిరిగింది.

“ఏమండీ” అన్న పిలుపును మాత్రం మూల గడికి పెట్టమన్నాడు. చూడకుండా తడిమి నొక్కేట్టుండాలట. ఆయన రాత్రిపూట నిద్ర పట్టక చీకట్లో ఆ గడి వెతుక్కోవడం కెజియా కళ్ళకు కట్టింది. పక్కన ఇంకో గడికి, ఆయన అడగకుండానే, టీ మాట పెట్టింది.

పని పూర్తయ్యాక ఆయన ల్యాప్‌టాప్‌నూ ప్యాడ్‌నూ వంటింట్లోకి తీసుకుపోయాడు. కెజియా తన డిస్కులో ఉంచుకున్న కాపీని ఒకసారి సరిచూసుకుందామని మళ్ళీ హెడ్‌ఫోన్లు పెట్టుకుంది. అవి తీసేసరికి గుమ్మంలో కొత్త చెప్పులు కనిపించాయి. చుట్టాలు వచ్చేశారన్నమాట.

తను అడ్డు ఎందుకని వైర్లు చుట్టుకుని లేచింది. క్రీస్తురాజు ఎదురొచ్చి బ్యాగు అందుకున్నాడు.

“వస్తానన్నా. ధైర్యంగా ఉండండి.”

“ఏమండీ,” అని వంటింట్లోంచి వినిపించింది.

“వస్తున్నా,” అన్నాడు క్రీస్తురాజు.

మిషనుకు బదులు చెబుతున్న ఆ మనిషి మొహం చూడలేక కెజియా తల దించుకుంది. ఆయన రెండు చేతుల్లోనూ తన బ్యాగే ఉంది.

“అప్పుడే పోతారా? టీ తాగి పోండి.”

కెజియా తలెత్తి చూసింది.

వంటింట్లో, ఆపరేషనైన మెడకు తెల్లగుడ్డ చుట్టుకుని, ఎలిశబెతు ప్యాడ్ మీద వేలుంచి చప్పుడు లేకుండా నవ్వుతోంది.