తనిఖీ అయిపోయాక

"కిందికి పోదాం పద, టిల్లరీ అత్తా. తనిఖీవాళ్ళు వెళ్ళిపోయారు," అంది ఆయా ఓజెల్లా, మంచం కదిలిస్తూ.

తెల్లవాళ్ళ వార్డులో నల్లవాళ్ళనూ పడుకోబెట్టకపోతే 1966 నుంచి ఆసుపత్రికి సర్కారు డబ్బు రాదు. అందుకే పొద్దున తనిఖీ ఉందని పెద్ద డాక్టరు చెప్పగానే, ఓజెల్లా ముసలామెను నల్లవాళ్ళను ఉంచే చెమ్మ కారే నేలమాళిగ నుంచి ఈ కిటికీ పక్కకు తోసుకొచ్చింది.

"ఎండ హాయిగా ఉందే. ఇంకాసేపు," అంది ముసలామె.

"ఇంకా ఎంతసేపు?" పక్కమంచం తెల్లావిడ విసుక్కుంది.

ఓజెల్లాకు నడుము పట్టేసింది. ఇరవయ్యేళ్ళుగా ఎవరిని ఎక్కడికి తొయ్యమంటే అక్కడికి తోస్తూనే ఉంది. మంచం చక్రాల బ్రేకు కాలితో నొక్కేసింది.

"ఏమేవ్, ఉద్యోగం ఊడుతుందే!" ముసలామె హడలిపోయింది.

"ఊడనీ అత్తా. పైకి నేను తెచ్చాను. కిందికి పెద్ద డాక్టరుగారినే వచ్చి తొయ్యమను. మంచం ఎంత బరువో ఆయనకీ తెలియాలిగా."