చల్లారని తువ్వాలు

మరునాడు పొద్దున్నే ఆసుపత్రి నుంచి ఇంటికి పంపిస్తామన్నారని ఆ రాత్రే సంచి సర్దడం మొదలుపెట్టాను. గుండె నుంచి కిందికి దిగే పెద్ద రక్తనాళంలో మా ఆయనకు గొట్టం అమర్చి అప్పటికి అయిదు రోజులు.

ఆపరేషన్ నాటి నుంచీ జ్వరం వదల్లేదు. రక్తపరీక్షలో ఏ క్రిమీ దొరకలేదు.

"ఒళ్ళు ఆ గొట్టాన్ని పరాయిదనుకుంటోందమ్మా. కొత్తకోడల్ని చూసి అత్తగారు రుసరుసలాడినట్టు. నాలుగు రోజుల్లో అదే సర్దుకుంటుంది," అంది నర్సు.

"మా అమ్మ ముప్పై ఏళ్ళు సర్దుకోలేదు," అన్నారాయన. నర్సు నవ్వింది. ఆ కోడలు నేనే కాబట్టి నాకు నవ్వు రాలేదు.

ఆమె అటు వెళ్ళగానే నా చెయ్యి పట్టుకున్నారు. "మళ్ళీ జ్వరం చూడ్డానికొస్తుంది. తడిగుడ్డతో నుదురు తుడువు. జ్వరముందంటే రేపు పంపరే."

తుడిచాను. నర్సు నుదుటి దగ్గర థర్మామీటరు పెట్టి, "చూశారా, తగ్గిపోయింది," అని రాసుకుని వెళ్ళింది.

తువ్వాలును చన్నీళ్ళలో జాడించి పిండాను. వేడిగానే ఉంది. మళ్ళీ జాడించాను. ఆయన పళ్ళు టకటకలాడడం తప్ప గదిలో చప్పుడు లేదు. కాసేపటికి అదీ ఆగింది. నిద్రపట్టిందనుకుని, తువ్వాలును కవర్లో చుట్టి సంచి అడుగున పెట్టాను.

చాలాసేపటికి సంచి మీద చెయ్యి వేస్తే, అప్పుడే ఒంటి మీంచి విడిచిన చొక్కాలా వెచ్చగా తగిలింది. ఆయన నుదురు మాత్రం చల్లగా ఉంది. కేకలు పెట్టాను.

స్ట్రెచరు బండి మీద తోసుకుపోతుంటే, "సంచి నువ్వు మోయకు, నేనొచ్చి పట్టుకుంటా," అన్నారాయన. మాట ముద్దగా వచ్చింది.

సంచి ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నాను. అది చల్లారలేదు.

ఆయన్ని తీసుకువెళ్ళింది మంగళవారం తెల్లవారుజామున మూడూ నలభైకి. తిరిగి రాలేదు.