ఏదీ పాడవని ఇల్లు

గుమ్మం ముందు నిలబడ్డ మనిషి కోటు మీద మరక ఉంది. కోడలి చూపు ముందు మరక మీద పడింది, తర్వాతే మనిషి మీద.

"పెద్దావిడ ఉన్నారా?" అని అడిగాడాయన.

"ఉన్నారు, పడుకున్నారు. మేడమీద గది కోసమేగా? ఇల్లు ఆవిడదే అయినా బేరాలన్నీ నావే. ఎండలో నిలబడ్డారేంటి, లోపలికి రండి!"

ఆయన ఏదో చెప్పబోయాడు. ఆమె వింటేగా! కుర్చీ లాగింది. మంచినీళ్లు తెచ్చింది.

"ఆ కోటు ఇటివ్వండి. తుప్పు మరకలా ఉంది. నిమ్మచెక్కకి ఉప్పద్ది రుద్దితే ఇట్టే పోతుంది."

ఆయన గ్లాసు అందుకుని ఆమెవైపు చూశాడు.

"ఏ ఇంటికి వెళ్లినా నన్నెవరూ కూర్చోమనలేదమ్మా," అన్నాడు.

పాపం, ఎంత తిరిగాడో అనుకుంది కోడలు. ఆ పూటే ఆయన మేడగదిలో దిగాడు.

అత్తగారు మంచం పట్టి ఉంది. ఇక ఆశ పెట్టుకోవద్దని డాక్టరు అప్పటికే చెప్పేశాడు. కోడలికి ఆ మాట మింగుడు పడలేదు. తల్లి లేని పిల్లగా ఈ ఇంట్లో అడుగుపెట్టిందామె. పాలు కాచడం దగ్గర్నుంచి మరకలు వదిలించడం దాకా అన్నీ నేర్పింది ఈ అత్తగారే. ఆవిడ లేని ఇంటిని తలుచుకోవడానికే ఆమెకు భయం.

చిత్రంగా, అత్తగారు కోలుకోలేదు గానీ దిగజారనూ లేదు.

"ఏం చేస్తున్నారమ్మా?" అని డాక్టరే ఆశ్చర్యపోయాడు.

"ఏముందండీ, శుభ్రం!" అంది కోడలు గర్వంగా.

వంటింట్లోనూ అదే వరస. కాడలకు కాగితం చుట్టిన అరటిపళ్ల మీద ఒక్క మచ్చ రాలేదు. తడిగుడ్డలో చుట్టిన కొత్తిమీర వాడిపోలేదు. రేకు డబ్బాలో దాచిన రొట్టె దూదిలా మెత్తగానే ఉంది. ఫ్రిజ్ చెడిపోయి మూలన పడ్డా, గిన్నెలో పాలు మాత్రం విరగలేదు.

చిట్కాల కోసం వీధి వీధంతా ఆమె గుమ్మంలోనే ఉండేది. కోడలికి కాళ్లు నేలమీద నిలిచేవి కావు.

ఒక మధ్యాహ్నం పక్కింటావిడ బొగ్గులా నల్లబడ్డ అరటిపళ్లు తెచ్చి బల్లమీద పడేసింది.

"నువ్వు చెప్పినట్టే చుట్టాను. చూడు ఎలా తగలడ్డాయో! అసలు కిటుకు దాచుకుని మాకు కాగితం ముక్క చెప్పావు."

"ఒట్టు పిన్నీ, ఏమీ దాచలేదు!"

పిన్ని మూతి తిప్పుకుని వెళ్లిపోయింది. కోడలు కళ్లనీళ్లతో అత్తగారి మంచం దగ్గరికి వచ్చింది.

అత్తగారు నవ్వింది.

"అది నీ కాగితం మహిమ కాదే పిచ్చిదానా. అంతా మేడమీదాయన చలవ."

"ఆయన వంటింటి గడప కూడా తొక్కలేదత్తయ్యా!"

"సాయంత్రాలు నాతో కబుర్లు చెబుతాడుగా. మీ మామయ్యని కూడా ఎరుగునట. చివరి రోజున ఆయన ఏ చొక్కా వేసుకున్నాడో అడక్కుండానే చెప్పాడు."

కోడలికి ఒళ్లు జలదరించింది. అంతకంటే ఎక్కువగా ఒళ్లు మండింది. ఇన్నాళ్ల తన చాకిరీ అంతా రోజంతా మేడమీద కిటికీ దగ్గర ఊరికే కూర్చునే మనిషి ఖాతాలో పడుతుందా?

"ఆయన్ని పంపించేస్తాను. అప్పుడు తెలుస్తుంది నా చిట్కాలో, ఆయన చలవో!"

"వద్దే. నాకోసం కాదు, నీకోసమే చెబుతున్నాను."

కోడలు అప్పటికే మెట్లెక్కుతోంది.

మేడగది చల్లగా ఉంది. పక్క మీద దుప్పటి ముడత పడలేదు. తొలిరోజు తను గ్లాసులో పెట్టిన గులాబీ మొగ్గ ఇంకా మొగ్గగానే ఉంది. అది చూసి కూడా ఆమె ఆగలేదు.

"అసలు మీరేం పని చేస్తారండీ?"

"ఇంటింటికీ తిరిగే పని. అలిసిపోయానమ్మా. మీరు కూర్చోమన్నారు, కూర్చున్నాను."

"ఇంకెన్నాళ్లు కూర్చుంటారు? గది ఖాళీ చేసి మీ పని మీరు చూసుకోండి."

"పనిలోకి వెళ్లమంటారా?"

"వెళ్లమనే!"

"మళ్లీ మొదలుపెడితే, ఆపిన చోటి నుంచే మొదలుపెట్టాలమ్మా."

"మీరు ఎక్కణ్నుంచి మొదలుపెడితే నాకేంటండీ!"

ఆయన లేచి కోటు తొడుక్కున్నాడు. ఆమె నిమ్మచెక్కతో వదిలించిన మరక మళ్లీ అక్కడే ఉంది.

"పెద్దావిడకి ఒక మాట చెప్పి వెళతాను," అన్నాడు.

కోడలు విసవిసా వంటింట్లోకి వెళ్లి అరటిపళ్లకి కాపలా కూర్చుంది. అత్తగారి గదిలోంచి మెల్లగా మాటలు వినిపించాయి. ఆ తర్వాత వీధి గేటు మూసిన చప్పుడైంది.

ఆమె చూస్తుండగానే అరటిపళ్లు నల్లబడ్డాయి.

పొయ్యి మీద పెట్టకుండానే పాలు విరిగాయి. డబ్బా మూత తీస్తే రొట్టె నిండా బూజు. ఎప్పుడో వదిలించిన టీ మరకలు బల్లగుడ్డ మీద ఒక్కొక్కటే పైకి తేలుతున్నాయి.

"అత్తయ్యా, మీరే గెలిచారు! ఆయన్ని వెనక్కి పిలుస్తానుండండి!" అంటూ కోడలు గదిలోకి పరిగెత్తింది.

అత్తగారు నవ్వుముఖంతో పడుకుని ఉంది. పలకలేదు. చెయ్యి పట్టుకుంటే చల్లగా తగిలింది.

"అత్తయ్యా!"

ఏడుస్తూనే వీధి గుమ్మం దాకా పరిగెత్తింది. వీధిలో ఎవరూ లేరు. తలుపు పట్టుకుని అక్కడే కూలబడింది.

తను ఆయన్ని మొదటిసారి చూసింది ఈ గుమ్మంలోనే.

ఆ రోజు ఆయన గది గురించి అడగనే లేదు, "పెద్దావిడ ఉన్నారా?" అని మాత్రమే అడిగాడు.