వరసలో ఆరోవాడు

రాత్రి ఒంటిగంటకు అమెరికన్ ఫుట్‌బాల్ జట్టు సహాయ కోచ్ డ్వేన్ తన గదిలో ఒక్కడే సాయంత్రపు సాధన వీడియో చూస్తున్నాడు. అతను శిక్షణిచ్చే ముందు వరసలో ఐదుగురుండాలి. ఆరుగురున్నారు.

హెల్మెట్‌లో ఆరోవాడి ముఖం కనిపించలేదు. కానీ ఆట మొదలుపెట్టే భంగిమలో ఎడమ మడమ ఎత్తి వంగాడు. ఆ తప్పు మాన్పించడానికే నిరుడు ఆగస్టు ఎండలో తన వరసలోని కుర్రాడు కోరీని మళ్లీ మళ్లీ పరుగెత్తించాడు డ్వేన్. కోరీ కుప్పకూలి చనిపోయాడు. వాడు ఆపమని బతిమాలిన సంగతి డ్వేన్ విచారణలో చెప్పలేదు.

మైదానం పక్కన టవర్ మీంచి సాధన వీడియో తీసే లూకి ఫోన్ చేశాడు.

"నా వరసలో ఆ ఆరోవాడెవడ్రా?"

"నన్నడుగుతావేంటి ముసలోడా? అందరూ వెళ్లాక వాడితో అరగంట మాట్లాడింది నువ్వేగా!"

"నేనా? ఏం మాట్లాడాను?"

"అంత పైకి నాకేం వినబడుద్ది? వాడి ముందు మోకాళ్ల మీద కూలబడి ఏడ్చావు. అది మాత్రం చూశా."

డ్వేన్‌కు ఏదీ గుర్తులేదు. మెల్లగా కిందికి చూసుకున్నాడు. ప్యాంటుకు రెండు మోకాళ్ల దగ్గరా తడి మట్టి అంటుకుని ఉంది.