వస్తానమ్మా

కాకినాడలో ప్రతి వంటింట్లోనూ ఒక మరబొమ్మ తిరుగుతున్న కాలమది. విశ్వవిద్యాలయంలో కృత్రిమ మేధ తొలి పాఠాలు చదివే గృహిణులకు పరీక్ష కూడా ఇంట్లోనే పెట్టేవారు. వకుళ తన మరబొమ్మకు అతిథి మర్యాద నేర్పింది. వచ్చినవాళ్లకు కాఫీ ఇవ్వాలి, వెళ్లేవాళ్లకు బొట్టు పెట్టాలి. అది తడబడితే వకుళ ఏడాది చదువు మళ్లీ మొదటికొస్తుంది.

పరీక్షకు వచ్చిన ప్రభావతి మేడం కాఫీ తాగి, బాగుందని మెచ్చుకుని లేచింది.

"వస్తానమ్మా."

మరబొమ్మ కుంకుమభరిణె జోలికే పోలేదు. పాలు మళ్లీ పొయ్యి మీద పెట్టింది.

"వస్తానంటే వెళ్తానని దీనికి తెలిసినట్టు లేదే!" అంది మేడం, చెప్పులు వేసుకుంటూ. "ఏం చూపించి నేర్పావమ్మా?"

"మా ఇంటికొచ్చే చుట్టపక్కాలనేనండీ. ఏడాదిగా వాళ్లనే చూసి నేర్చుకుంది."

లోపలి నుంచి అత్తగారు రత్నమాణిక్యం అందుకుంది. "మనింట్లో వస్తానని చెప్పి వెంటనే వెళ్లినవాళ్లెవరే? అసలు కబుర్లన్నీ గుమ్మం దగ్గరేగా!"

"నేనలా కాదు లెండి, ఇంకో రెండిళ్లకు వెళ్లాలి" అని నవ్వింది మేడం. గుమ్మం మెట్లు దిగబోయి ఆగింది. "అన్నట్టు పిన్నిగారూ, మీ మాట వింటుంటే పిఠాపురం వైపు వాళ్లలా ఉన్నారే? మా తోడికోడలిదీ ఆ ఊరే..."

మరబొమ్మ వేడి కాఫీ తెచ్చేసరికి మేడం చెప్పులు విప్పేసి మళ్లీ కుర్చీలో కూర్చుని ఉంది. గ్లాసు అందుకుని, తోడికోడలి సంగతి ఆపకుండానే, తన ఫోనులో వకుళ పేరు పక్కన 'ఉత్తీర్ణత' మీట నొక్కింది.